పది సెంటీమీటర్ల వింత

"అన్నా, కింద పది సెంటీమీటర్లు ఖాళీ ఉంది. ఏదన్నా వింత ఉంటే పడెయ్."

ముప్పై అయిదేళ్లు నాకు అన్నం పెట్టిన మాట ఇదే. 1988లో ఓ తెలుగు దినపత్రికలో ట్రైనీ సబ్ ఎడిటర్‌గా చేరి, 2023లో రిటైరై బయటికొచ్చాను. మధ్యలో జిల్లా డెస్కు, జనరల్ డెస్కు, ఆదివారం అనుబంధం అన్నీ తిరిగాను. ఎక్కడికెళ్లినా వింతల బాక్సు మాత్రం నా నెత్తినే ఉండేది. రాజకీయం రాసేవాళ్లకు పేరు, క్రైమ్ రాసేవాళ్లంటే భయం, సినిమా రాసేవాళ్లకు పాసులు. వింతలు రాసేవాడికి దక్కేది హైదరాబాద్‌లో మా చిల్కానగర్ చౌరస్తా టీ కొట్టు దగ్గర ఓ పలకరింపు: "అన్నా, ఆ రెండు తలకాయల దూడ నిజంగనే పుట్టిందా, మీరే పుట్టిచ్చిన్రా?"

పత్రికల్లో పనిచేయనివాళ్లకు ఈ సెంటీమీటర్ల లెక్క చెప్పాలి. పేజీ మీద ముందుగా కూర్చునేది ప్రకటన. దాన్ని కాలమ్ సెంటీమీటర్లలో కొలుస్తారు, డబ్బులూ ఆ లెక్కనే తీసుకుంటారు. మిగిలిన చోట్లో వార్తలు సర్దుతారు. అన్నీ సర్దాక ఏదో ఓ మూల జానెడు జాగా మిగులుతుంది. దాన్ని తెల్లగా వదిలేస్తే తెల్లారి ఎడిషన్ ఇన్‌చార్జి మొహం నల్లగా అవుతుంది. అక్కడ నేను కావాలి. రాత్రి పదకొండున్నరకు ఎవరిదో సంస్మరణ ప్రకటన వచ్చిందంటే నా వింత గాల్లో కలిసినట్టే. పోయినాయన ఫొటో ముందు బతికున్న ఆరుకాళ్ల మేక ఏపాటి?

మొదట్లో టెలిప్రింటర్ ఉండేది. పీటీఐ, యూఎన్ఐ కాగితం చుట్టలు చుట్టలుగా నేల మీద పడుతుండేది. దాన్ని స్కేలు పెట్టి చింపి, ఎవరి ముక్కలు వాళ్లకు పంచేవాళ్లు. ఎవరికీ అక్కర్లేనివి చెత్తబుట్టలోకి. ఆ బుట్టే నా బీటు. ఎక్కడో తిమింగలం ఒడ్డుకు కొట్టుకొచ్చినా, ఎవరో తొంభై ఏళ్లకు పెళ్లి చేసుకున్నా నాకు అక్కడే దొరికేవి.

మా ట్రైనింగులో మొదటి రోజు చెప్పిన పాఠం విలోమ పిరమిడ్. ముఖ్యమైన సంగతి పైన రాయాలి, దానికంటే తక్కువది దాని కింద, అలా దిగుతూ పోవాలి. చోటు చాలకపోతే పేజీ పెట్టేవాడు కింది నుంచి లేపుకుంటూ వస్తాడు. మంత్రిగారి సభకు ఈ పద్ధతి అచ్చంగా సరిపోతుంది. చివరి పేరాలో వేదిక మీదున్నవాళ్ల పేర్లు పోతే ఆ పేర్లవాళ్లే ఏడుస్తారు. వింతకు అలా కాదు. దాని తలలో ఆశ్చర్యం ఉంటుంది, కారణం తోకలో ఉంటుంది. 'చెట్టుకు పాలు కారుతున్నాయి' అనేది మొదటి లైను. ఎందుకు కారుతున్నాయో చివరి పేరా. మేము కోసేది తోకనే. ఈ సంగతి నాకు ఒంటబట్టడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

1995 సెప్టెంబర్ 21, గురువారం. అప్పటికి ఉప్పల్‌లో అద్దెకుంటున్నాను. పొద్దున పదింటికే గల్లీలో గోల, వినాయకుడు పాలు తాగుతున్నాడని. మా ఆవిడ స్టీలు గ్లాసు, చెంచా పట్టుకుని బయల్దేరింది, నేను వెనకాల. గుడి ముందు లైను రోడ్డు దాకా వచ్చింది. నా వంతు వచ్చేసరికి గంటన్నర. చెంచా తొండం దగ్గర పెట్టి కొంచెం వంచాను. పాలు పోయాయి. అబద్ధం చెప్పను, నా ఒళ్లు జలదరించింది. దణ్ణం పెట్టుకుని పక్కకు జరిగాక కింద చూశాను. పీఠం అంచున తెల్లటి జాలు, అది గడప దాటి మోరీలోకి పోతోంది. దాని పొడుగూతా చీమలు.

మధ్యాహ్నం ఆఫీసుకు వెళితే ఫోన్లు ఆగట్లేదు. ఆదిలాబాద్ నుంచి అనంతపురం దాకా ప్రతి కంట్రిబ్యూటర్‌దీ అదే కాపీ. రాత్రి ఏజెన్సీ వార్త ఒకటి వచ్చింది. కేంద్ర సైన్స్ శాఖ శాస్త్రవేత్తలు ఢిల్లీలో పాలలో రంగు కలిపి పట్టి చూశారట. రంగు విగ్రహం ఒంటి మీంచి పలచటి పొరగా కిందికి దిగింది. అంచుదాకా నిండిన చెంచా రాతికి తగలగానే తలతన్యత పాలను బయటికి లాగుతుంది, ఆ తర్వాత భూమ్యాకర్షణ పని. తడిసిన రాతి మీద ఆ పొర కంటికి ఆనదు. మొత్తం వార్తకు చివరి పేరాగా నేనే దాన్ని అనువాదం చేశాను. పొద్దున పేపర్లో చూస్తే పేరా లేదు. దాని చోట్లో ఓ నూనె ప్రకటన పడుకుని ఉంది. అడిగితే పేజీ పెట్టిన కుర్రాడు, "మెయిన్ పాయింటు వచ్చింది కదన్నా" అన్నాడు.

ఆ మరుసటేడు చిల్కానగర్‌లో నూట ఇరవై గజాల్లో రెండు గదులు వేసుకున్నాం. అప్పుడు మా గల్లీలో ఇళ్లకంటే ఖాళీ ప్లాట్లే ఎక్కువ. నైట్ డ్యూటీ అయ్యాక ఆఫీసు వ్యాను రెండున్నరకు చౌరస్తాలో దింపేది. అక్కణ్నుంచి కుక్కలకు బిస్కెట్లు లంచమిస్తూ ఇంటికి. గల్లీ చివర బోరింగు పక్కన ఓ పెద్ద వేపచెట్టు. దాని కింద నిలబడి ఓ సిగరెట్టు కాల్చి ఇంట్లోకి పోవడం అలవాటు.

ఓ ఎండాకాలం ఆ చెట్టుకే పాలు కారడం మొదలైంది. ఛాతీ ఎత్తున ఓ పగులు, అందులోంచి తెల్లటి నురగ, అచ్చం పొంగిన పాల మీది నురగలాగే. రెండోరోజుకు పసుపు, కుంకుమ, ఎర్రగుడ్డ వచ్చాయి. మూడోరోజుకు పళ్లెం, అందులో చిల్లర. నాలుగోరోజు గద్దె కట్టడానికి చందాల పుస్తకం మా ఇంటికొచ్చింది. మా ఆవిడ ఓ చిన్న సీసాలో పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. వాసన చూస్తే పుల్లగా ఉంది, పొద్దెక్కిన కల్లు వాసన. పక్కింటి ముసలాయన భువనగిరి దిక్కువాడు. ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు: "అది యాపకల్లు బిడ్డా. మా తాతలు తాగేటోళ్లు. గీనడానికేం పని లేదు, చెట్టే పోస్తది."

రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మొక్కల తెగుళ్లు చెప్పే ఒకాయనకు ఫోన్ చేశాను. ఓపిగ్గా చెప్పాడు. చెట్టు మానులోకి గాయం గుండా బ్యాక్టీరియా చేరుతుంది. లోపలి రసాన్ని పులియబెడుతుంది. పులిస్తే గ్యాసు పుడుతుంది, గ్యాసు ఒత్తిడికి రసం పగులు వెతుక్కుని బయటికొస్తుంది. గాలి తగిలి నురగ కడుతుంది. కొన్ని రోజులకో, వారాలకో తనంతట అదే ఆగిపోతుంది. ఆదివారం పేజీలో ప్రకటనలు లేక చోటు బోలెడు ఉంది. జీవితంలో మొదటిసారి ఓ వింతను తలా తోకా కలిపి అచ్చేశాను. శీర్షిక కూడా 'వేపకల్లు' అనే పెట్టాను.

సోమవారం సాయంత్రం చౌరస్తాలో నాకు టీ పొయ్యలేదు. "మన గల్లీ చెట్టు ఇజ్జత్ తీసినవ్ గదన్నా" అన్నాడు టీ కొట్టాయన. గద్దె చందా పుస్తకం తెచ్చినాయన ఆర్నెల్లు మొహం తిప్పుకుని తిరిగాడు. అప్పుడు అనిపించింది, తోక కోయడం పేజీ పెట్టేవాడి తప్పొక్కటే కాదేమోనని. చదివేవాడికి కూడా తోక అంత రుచిగా ఉండదు.

అయితే ఇదే చెట్టు దగ్గర మరో సంగతి జరిగింది, చాలా ఏళ్ల తర్వాత. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు కొసల నుంచి మాడిపోతూ వచ్చాయి గుర్తుందా? కొమ్మల చివర్లు కాల్చినట్టు ఎండి, చెట్టుకు చెట్టే గోధుమరంగుకు తిరిగింది. ఫోమోప్సిస్ అనే శిలీంద్రం పని అని శాస్త్రవేత్తలు తేల్చారు. మా బోరింగు చెట్టు కూడా అలాగే అయింది. ఈసారి ఎవరూ పసుపు కుంకుమ తేలేదు. ఆర్నెల్లు మాట్లాడనాయనే ఇంటికొచ్చి, "అన్నా, ఎందుకిట్లయితుందో జర కనుక్కో" అన్నాడు. పాలిచ్చేటప్పుడు అక్కర్లేని కారణం చచ్చిపోయేటప్పుడు కావాల్సొచ్చింది. వానలు పడ్డాక చెట్టు మళ్లీ చిగుళ్లేసింది.

దూడల గురించి ఎక్కువ చెప్పను. రెండు తలలవి, అయిదు కాళ్లవి, ఒంటికన్నువి నెలకొకటి వచ్చేవి. ఫొటోలో దూడకు బొట్టు, పక్కన నవ్వుతూ రైతు. పిండం పెరిగేటప్పుడు రెండుగా విడిపోవాల్సింది సగంలో ఆగితే రెండు తలలు వస్తాయి, మనుషుల్లో అవిభక్త కవలలు పుట్టినట్టే. ముప్పై అయిదేళ్లలో నేను వేసిన అన్ని దూడల్లో ఏ ఒక్కటీ ఎన్నాళ్లు బతికిందో మళ్లీ వెయ్యలేదు. అవి చాలావరకు ఆ వారంలోనే పోయేవి. పోయిన దూడ వింత కాదు కదా.

చేపల వానకు మాత్రం నాకో ప్రశ్న ఉండేది. వానాకాలం మొదట్లో రెండు మూడు ఫోన్లు ఖాయం.

"సార్, మా ఊళ్లె చేపల వాన పడ్డది. ఫొటోలు కూడ ఉన్నయి."

"పడుతుంటే నువ్వు చూసినవా తమ్మీ?"

"లేదు సార్, తెల్లారి లేసి చూస్తే రోడ్డు మీద ఉన్నయి."

"ఇండ్ల కప్పుల మీద ఉన్నయా?"

కాసేపు ఫోన్లో ఏమీ వినబడదు. "కనుక్కొని చెప్తా సార్."

మళ్లీ చెయ్యడు. కప్పు మీద ఉంటే పైనుంచి పడ్డట్టు, రోడ్డు మీదే ఉంటే పక్క నుంచి వచ్చినట్టు. నీటి మీద లేచే సుడిగాలి చిన్న చేపల్ని ఎత్తి ఎక్కడో దింపొచ్చని శాస్త్రజ్ఞులు చెబుతారు, కాదనను. కానీ మన చెరువు అలుగు పోస్తే రోడ్డు మీదికొచ్చే చేపలే ఎక్కువ. తెలంగాణ రాష్ట్ర చేపగా పెట్టుకున్న కొర్రమీనును చూడండి. గాలి పీల్చుకోగలదు, తడి ఉంటే నేల మీద జరుగుతూ పోగలదు. 2022 జులైలో జగిత్యాలలో వీధుల్లో చేపలు దొరికిన వీడియోలు దేశమంతా తిరిగాయి. ఆ రోజు డెస్కులో అందరూ సుడిగాలి బొమ్మ వేద్దామంటుంటే నేను కప్పుల సంగతి అడిగాను. "అన్నా, నువ్వు రిటైరయ్యేదాకా మాకు ఒక్క వింత కూడా మిగలనియ్యవా" అన్నాడు మా ఇన్‌చార్జి.

ఇక అసలు సంగతికొస్తాను. నా వృత్తిలో నేను చేసిన పెద్ద తప్పు నా ఇంటికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో మొదలైంది.

చిల్కానగర్ నుంచి నాచారం మీదుగా మల్లాపూర్ దాటి పోతే ఈసీఐఎల్. అక్కడ టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది. వాతావరణం మీదా, అంతరిక్ష కిరణాల మీదా పరిశోధనలకు అక్కడి నుంచి పెద్ద పెద్ద బెలూన్లు వదులుతారు. ఆ రోజులు వచ్చే ముందు పత్రికలకు ఓ ప్రకటన పంపేవాళ్లు. అది ఎప్పుడూ నా టేబుల్ మీదికే వచ్చేది, ఎందుకంటే ఎవరికీ అక్కర్లేదు. పలచటి పాలిథిన్‌తో చేసిన బెలూన్లు, యాభై నుంచి ఎనభై అయిదు మీటర్ల వ్యాసం. హైడ్రోజన్ నింపి రాత్రి ఎనిమిదికీ తెల్లవారుజాము ఆరున్నరకూ మధ్య వదులుతారు. ముప్పై నుంచి నలభై రెండు కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. పని అయ్యాక పరికరాలు రంగురంగుల పారాచూట్‌తో దిగుతాయి, ఒక్కోసారి రెండు మూడు వందల కిలోమీటర్ల దూరాన. దొరికినవాళ్లు ముట్టుకోవద్దు, లోపల హై వోల్టేజీ ఉండొచ్చు, పెట్టె మీదున్న నంబరుకు ఫోన్ చెయ్యండి, లేదా పోలీసులకు చెప్పండి, తగిన పారితోషికం ఇస్తాం. కింద జిల్లాల పేర్లు.

నేను దాన్ని సింగిల్ కాలమ్, పది సెంటీమీటర్లు వేసేవాణ్ని. చోటు చాలకపోతే ఏం పోతుందో చెప్పక్కర్లేదు కదా. జిల్లాల పేర్లు, ఫోన్ చెయ్యమన్న మాట, ముట్టుకోవద్దన్న మాట. 'ఆకాశంలోకి భారీ బెలూన్లు' అన్న శీర్షిక మిగిలేది.

తర్వాత ఓ తెల్లవారుజామున ఏదో జిల్లా నుంచి ఫోన్. "సార్, చేన్ల ఆకాశం నుంచి ఏదో పడ్డది. ఎర్రగ, తెల్లగ గుడారం లెక్క ఉంది. దాని కింద పెట్టె. టిక్ టిక్ అంటుందంటున్నరు. ఊరోళ్లంత ఉరికిన్రు." నేను నిద్రమత్తులో, "పెట్టె మీద ఏమన్నా రాసుందా?" అంటాను. "ఇంగ్లీషుల ఉంది సార్, ఎవరు దగ్గరికి పోతలేరు." సగం వార్త నేనే కోసి పారేసి, ఆ సగం కోసం వాణ్ని పెట్టె దగ్గరికి పంపడం. ఇలా రెండుసార్లు జరిగింది.

జనం భయానికి కారణం ఉంది. ఆకాశం నుంచి ఇనుము పడొచ్చని మా తరం వాళ్లకు చిన్నప్పుడే తెలుసు. 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందన్నప్పుడు నాకు పద్నాలుగేళ్లు. మా నల్గొండ దిక్కు ఊళ్లలో ఎలాగూ చస్తామని మేకలు కోసుకు తిన్నారు. మా నాయనమ్మ గుడ్లుపెట్టే పెట్టను కోయించింది. జులై 11న స్కైలాబ్ పోయి పోయి హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియాలోనూ పడింది. అక్కడ ఎస్పెరాన్స్ అనే ఊరి పాలకవర్గం చెత్త పారబోసినందుకు నాసాకు నాలుగు వందల డాలర్ల జరిమానా రాసింది. మా నాయనమ్మ పెట్టకు ఎవరూ నష్టపరిహారం ఇవ్వలేదు.

2009 మార్చి 16. అప్పటికి ఎన్నికల వేడి. పేజీల్లో అభ్యర్థుల జాబితాలు తప్ప ఇంకేం లేవు. సాయంత్రం ఇస్రో నుంచి ఓ ప్రకటన వచ్చింది, బెంగళూరు డేట్‌లైన్‌తో. భూమికి ఇరవై నుంచి నలభై ఒక్క కిలోమీటర్ల ఎత్తులో మూడు కొత్త రకాల బ్యాక్టీరియా దొరికాయి. అవి అతినీలలోహిత కిరణాలను బాగా తట్టుకుంటున్నాయి. నా చేతులు దురద పెట్టాయి. 'ఆకాశంలో కొత్త జీవులు!' అని శీర్షిక పెట్టాను. ఉపశీర్షికలో ఓ ప్రశ్నార్థకంతో, 'గ్రహాంతరవాసులేనా?' ఇన్‌చార్జి తెగ ముచ్చటపడి సింగిల్ కాలమ్ కాస్తా డబుల్ కాలమ్ చేశాడు. పదకొండింటికి ఓ అభ్యర్థి పేరు మారి, మళ్లీ సింగిల్ అయింది. కింది రెండు పేరాలు పోయాయి.

మర్నాడు పదకొండింటికి ఆఫీసుకు ఫోన్. నాచారంలో ఉండే రిటైర్డ్ టీచరట. గొంతులో బెత్తం పట్టుకున్న వాలకం. "బాబూ, ఇంగ్లిషు పేపర్లో చివర ఒక వాక్యం ఉంది. ఇవి భూమి అవతలి నుంచి వచ్చాయని గట్టిగా చెప్పలేమని ఇస్రోనే అన్నది. మీ దాంట్లో అది లేదేం?" చోటు లేదండీ అన్నాను. "సరే. ఆ బెలూన్ ఎక్కడి నుంచి ఎగిరిందో తెలుసా?" బెంగళూరన్నాను. "మా ఇంటి మీంచి ఎగిరిందయ్యా" అని ఫోన్ పెట్టేశారు.

చెత్తబుట్టలోంచి ప్రకటన తీసి మళ్లీ చదివాను. నిజమే. 2005 ఏప్రిల్ 20న ఈసీఐఎల్ దగ్గరి ఆ కేంద్రం నుంచే బెలూన్ ఎగిరింది. దాని ఘనపరిమాణం రెండు కోట్ల అరవై ఏడు లక్షల ఘనపుటడుగులు. ఇలాంటి బెలూన్‌ను నేల మీద కొంచెమే నింపుతారు. పైన చిన్న బుడగ, కింద పొడవాటి సంచి వేలాడుతుంటుంది. ముప్పై కిలోమీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో నూరో వంతుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి లోపలి గ్యాసు పదుల రెట్లు ఉబ్బి సంచంతా నిండుతుంది. దాని కింద 459 కిలోల పరికరం వేలాడింది. అందులో పదహారు స్టీలు గొట్టాలు, గాలి లేకుండా తోడేసి, సూక్ష్మజీవి లేకుండా శుద్ధి చేసినవి. వాటిని ద్రవ నియాన్‌లో ముంచి పంపారు, 38 కిలోల నియాన్. ఆ చలికి మూత తెరవగానే పైగాలి తనంతట తనే గొట్టంలోకి దూరి గడ్డకడుతుంది. మూత మూసి కిందికి దింపుతారు.

ఆ గొట్టాల్ని తెరిచి చూసినవాళ్లు ఒకరు పుణేలో, మరొకరు మా హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో. నేను రోజూ ఆఫీసు బస్సులో దాని గేటు ముందు నుంచే పోయేవాణ్ని. మొత్తం పన్నెండు బ్యాక్టీరియా, ఆరు శిలీంద్రాలు పెరిగాయి. చాలావరకు భూమ్మీద తెలిసినవాటి బంధువులే. మూడు మాత్రం కొత్తవి. ఒకదానికి ఆర్యభటుడి పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మూడోదానికి ఫ్రెడ్ హోయల్ అనే ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రజ్ఞుడి పేరు పెట్టారు. జీవం ఆకాశం నుంచి రాలిందని వాదించినాయన. బిగ్ బ్యాంగ్ అనే మాట కూడా ఆయనదే, రేడియోలో ఆ సిద్ధాంతాన్ని కాదంటూ మాట్లాడుతుంటే నోట్లోంచి వచ్చింది. ఒప్పుకోని సిద్ధాంతానికి పేరు పెట్టి పోయాడు పాపం.

మా ఇంటి దగ్గర ఎగిరి, నా బస్సు రూటులో తేలిన వార్తను నేను బెంగళూరు పేరుతో, తోక లేకుండా, గ్రహాంతరవాసుల్ని తగిలించి వేశాను. ఆ రోజు నుంచి ఆర్యభట బ్యాక్టీరియా పేరు ఎక్కడ కనిపించినా చదువుతాను. తర్వాతి ఏళ్లలో దాని తరహావి మొక్కల వేళ్ల చుట్టూ ఉండే మట్టిలో దొరికాయి. మొక్క పెరగడానికి అది సాయం చేస్తుందని పరిశోధనలు వచ్చాయి. నేను ఆకాశానికి ఎక్కించినవాడు చేన్లో ఎరువు పని చేస్తున్నాడన్నమాట. ఇది కూడా పది సెంటీమీటర్లు రాసి పెట్టాను. "పాత వార్త కదన్నా" అన్నారు.

ఆ టీచర్‌కు భయపడి అనుకుంటా, తర్వాత కొన్నాళ్లు నేను మా చుట్టుపక్కలే వెతికాను. ఒకటి చెప్పి తీరాలి. సీసీఎంబీలో లాల్జీ సింగ్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు, తర్వాత దాని డైరెక్టరయ్యాడు. స్కాట్లండ్‌లో పనిచేసేటప్పుడు ఆయన నలుపు పసుపు పట్టీలుండే ఓ కట్లపాము డీఎన్ఏలో మళ్లీ మళ్లీ వచ్చే ఓ ముక్కను పట్టుకున్నాడు. అలాంటి ముక్కే మనుషుల్లోనూ చెల్లాచెదురుగా ఉంటుంది, కానీ అచ్చు ఒకేలాంటి కవలల్లో తప్ప ఏ ఇద్దరిలోనూ ఒకే వరసలో ఉండదు. ఆ పాము ముక్కనే ఎరగా వేసి హబ్సిగూడలో మన దేశపు డీఎన్ఏ వేలిముద్రల పద్ధతి తయారుచేశారు. ఫలానా బిడ్డకు ఫలానావాడే తండ్రని కోర్టులో చెప్పింది ఆ కట్లపామే. సీసీఎంబీ భవనాన్ని జాతికి అంకితం చేసింది 1987 నవంబర్ 26న రాజీవ్ గాంధీ. నాలుగేళ్లు తిరక్కుండా ఆయన హత్య కేసులో దొరికిన శరీర భాగాలు ఎవరివో తేల్చే పని అదే భవనానికి వచ్చింది. డీఎన్ఏ వేలిముద్రల కోసం పెట్టిన సీడీఎఫ్‌డీ కూడా తర్వాత మా ఉప్పల్‌కే వచ్చింది. ఇంతకంటే వింత ఏ లండన్ ఏజెన్సీ పంపగలదు? దీన్ని ఆదివారం అనుబంధంలో వేశాను, తోకతో సహా. ఒక్క ఉత్తరం కూడా రాలేదు.

నేను రిటైరయ్యేముందు, 2022 డిసెంబర్‌లో, వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో పొలాల్లో ఓ పెద్ద గుండ్రటి యంత్రం దిగింది. అప్పటికి ఫోన్ చేసి చెప్పేవాడు లేడు, అందరి చేతుల్లో వీడియోలే. డెస్కులో కుర్రాళ్లు టీవీ చూస్తూ ఫ్లయింగ్ సాసర్ అంటున్నారు. నేను ఫొటో పెద్దది చేసి, పైన పడి ఉన్న పాలిథిన్ చూపించి, "మా ఈసీఐఎల్ది" అన్నాను. ఓ స్పెయిన్ కంపెనీ పర్యాటకుల్ని బెలూన్‌లో అంత ఎత్తుకు తీసుకెళ్లాలనుకుని, మనుషుల్లేని క్యాప్సూల్‌ను ఇక్కణ్నుంచి పరీక్షించింది. ఆ రోజు వార్త నేనే రాశాను, మొదటి వాక్యంలోనే కారణం పెట్టి. అంటే పిరమిడ్‌ను తిరగేసి నిలబెట్టాను. ఏం కోసినా ఫరవాలేదు అనుకున్నాను. మర్నాడు చూస్తే ఆ మొదటి వాక్యాన్నే ఎవరో చివరికి జరిపారు, "సస్పెన్స్ పోతుందన్నా" అని.

2025 జనవరిలో మరో బెలూన్ బీదర్ జిల్లా జలసంగిలో ఓ ఇంటి మీద దిగింది. అప్పటికి నేను ఇంట్లో ఉన్నాను. మా గల్లీ పిల్లాడొకడు వీడియో తెచ్చి, "తాతా, ఇదేంది?" అన్నాడు. పెట్టె మీద కాగితం అంటించి ఉంటుంది చూడమన్నాను. వాడు వీడియో ఆపి, పెద్దది చేసి, వెతికాడు. నా పాత కంట్రిబ్యూటర్లు ఒక్కరూ చెయ్యని పని.

ఈ చలికాలం ఓ రోజు తెల్లవారకముందే మెలకువ వచ్చింది. నైట్ డ్యూటీలు చేసిన ఒళ్లు, రిటైరైనా దానికి రాత్రీ పగలూ తెలియదు. డాబా ఎక్కాను. కింద ఇంకా చీకటి, నాచారం పారిశ్రామికవాడ దీపాలు వెలుగుతున్నాయి. ఉత్తరాన, మల్లాపూర్ దిక్కు, చాలా ఎత్తున ఓ తెల్లటి చుక్క. చుక్కలా మిణుకుమనడం లేదు, విమానంలా జరగడం లేదు. నీళ్ల ట్యాంకు చూడ్డానికి మా ఆవిడ పైకొచ్చింది.

"ఏందది? చుక్క ఇంకా పోలేదేంది?"

"చుక్క కాదు. అది పాలిథిన్ బెలూన్. మనకింకా సూర్యుడు రాలేదు గానీ అంత ఎత్తున ఉన్నదానికి ముందే ఎండ తగులుతుంది, అందుకే అట్ల మెరుస్తుంది. రాత్రి హైడ్రోజన్ నింపి ఈసీఐఎల్ దగ్గర..."

"అవునా!" అంది, కొంగు నడుముకు దోపుకుంటూ. "పొయ్యి మీద పాలు పెట్టొచ్చిన" అని గబగబా మెట్లు దిగిపోయింది.

నేనింకా రెండో పేరాలోనే ఉన్నాను.